లెక్కకు రానివాళ్ళ లెక్క

ఈ మధ్య ఒక పిహెచ్.డి. విద్యార్థిని మొహం వేలాడేసుకుని నా గదికొచ్చింది. లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. తెర మీద రంగురంగుల బుడగలు, వాటి మధ్య సాలెగూడులాంటి గీతలు. "మేడమ్, నా టాపిక్ మీద అసలు పరిశోధనే జరగలేదట. మ్యాప్‌లో లేనిదాన్ని పట్టుకుని ఏం చేస్తావమ్మా, టాపిక్ మార్చుకో అన్నారు కమిటీలో సారు" అంది. ఆమె తీసుకున్న విషయం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన తెలుగు స్త్రీల పత్రికలు. వాటి మీద తెలుగులో ఎన్ని పుస్తకాలు, ఎన్ని వ్యాసాలు వచ్చాయో నా వెనకున్న బీరువా చూసినా తెలుస్తుంది. కానీ ఆమె వెతికింది బీరువాలో కాదు, స్కోపస్‌లో.

నాకు ముందు ఆ సారు మీద కోపమొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆమెకు అలా వెతకడం నేర్పింది నేనే. మా దగ్గర పరిశోధక విద్యార్థులకు బిబ్లియోమెట్రిక్స్ క్లాసులు తీసుకునేది నేనే. కీవర్డులు ఎలా ఇవ్వాలో, ఫలితాల ఫైలు ఎలా దించుకోవాలో, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి బుడగలు ఎలా తెప్పించాలో ఓపిగ్గా నేర్పాను. ఆ బుడగల్లో ఎవరు ఉండరో మాత్రం చెప్పలేదు. సిలబస్‌లో లేదు కదా, టైము లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందుకే ఈ వ్యాసం ఆ సారుతో పోట్లాట మాత్రమే కాదు. నాతో నాకున్న పోట్లాట కూడా. "మనకెందుకీ అంకెల గొడవ" అంటూ పక్కకు తప్పుకునే మన సాహిత్య మిత్రులతోనూ పోట్లాటే.

ఈ మాట కొత్తగా వినేవాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఒక విషయం మీద ఎవరు ఎన్ని వ్యాసాలు రాశారు, ఎవరు ఎవరిని ఉదహరించారు, ఏ ఇద్దరి పేర్లు వ్యాసాల చివర పదేపదే కలిసి కనిపిస్తున్నాయి, ఇలాంటివన్నీ లెక్కగట్టి ఒక జ్ఞానరంగం రూపురేఖలు చూపించే పద్ధతి బిబ్లియోమెట్రిక్స్. మన ఎస్.ఆర్. రంగనాథన్ 1948లోనే 'లైబ్రామెట్రీ' అన్న మాట ముందుకు తెచ్చారు. లోకంలో నిలబడింది మాత్రం 1969లో ఇంగ్లండులో అలన్ ప్రిచర్డ్ వాడిన 'బిబ్లియోమెట్రిక్స్' అన్న మాట. యూజీన్ గార్ఫీల్డ్ 1960లలో మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ పెరిగి పెరిగి వెబ్ ఆఫ్ సైన్స్ అయింది. 2004లో ఎల్సెవియర్ కంపెనీ స్కోపస్ తెచ్చింది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. కనీసం పదేసిసార్లు ఇతరులు ఉదహరించిన వ్యాసాలు మీకు పది ఉంటే మీ హెచ్-ఇండెక్స్ పది. అంతే, మనిషి జీవితకాలపు చదువు ఒక్క అంకెలో ఇమిడిపోయింది.

2019 డిసెంబరులో యూజీసీ, పిహెచ్.డి. చేసే ప్రతివాళ్ళూ పరిశోధన, ప్రచురణల నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు చదివి తీరాలంది. మొత్తం 30 గంటలు. అందులో 7 గంటలు డేటాబేసులకూ కొలమానాలకూ కేటాయించారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, సైట్‌స్కోర్, ఎస్‌జేఆర్, హెచ్-ఇండెక్స్, జి-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్ అంటూ పాఠం సాగుతుంది. కోర్సు పేరులో నైతికత ఉంది. కానీ ఈ కొలబద్ద ఎవరిని కొలుస్తుంది, ఎవరిని కొలవకుండా వదిలేస్తుంది అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. నైతికత అంటే ఇంకొకరి వాక్యం దొంగిలించకపోవడం ఒక్కటేనా? ఇంకొకరు అసలు రాయనే లేదన్నట్టు నటించడం అనైతికం కాదా?

నిబంధనలు వస్తుంటాయి, పోతుంటాయి. థీసిస్ ఇచ్చేలోపు పేపరు అచ్చవ్వాలని 2016 నిబంధనల్లో ఉండేది. 2022లో కొత్త నిబంధనలు ఆ షరతు ఎత్తేశాయి. 2019లో వచ్చిన కేర్ జర్నళ్ళ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. అయినా అంకెల మోజు తగ్గిందా? ఇంటర్వ్యూ బోర్డుల్లో మొదటి ప్రశ్న "స్కోపస్ పేపర్లెన్ని?" అనే. ఆ ఒత్తిడిలో మన ఆడపిల్లలకు అతి సులువైన దారిగా కనబడుతున్నది ఈ బిబ్లియోమెట్రిక్ పేపరే. ఊళ్ళు తిరగక్కర్లేదు. పాత పత్రికల కోసం దుమ్ములో కూర్చోనక్కర్లేదు. రాత్రి వంటిల్లు సర్దుకుని, పిల్లాణ్ణి నిద్రపుచ్చి, పదకొండింటికి కూర్చుంటే ఫైలు దించుకోవచ్చు, బొమ్మ గీయించుకోవచ్చు. ఇంట్లో మామగారికి ఒంట్లో బాగాలేదని ఫీల్డ్‌వర్క్ మానేసి ఈ దారి పట్టిన అమ్మాయిని నేను తప్పుపట్టలేను. ఆ దారి తప్ప ఇంకోటి మిగల్చని ఇంటినీ, వ్యవస్థనూ తప్పుపడతాను. ఆ దారి చివర గోడ ఉందని చెప్పకుండా పంపించిన నన్ను తప్పుపట్టుకుంటాను.

ఆ గోడ ఏమిటో చూద్దాం. స్కోపస్‌లో ఒక పత్రిక చేరాలంటే అది ఏ భాషలో వచ్చినా ఫరవాలేదంటారు. ఎంత ఉదారం! కాకపోతే శీర్షిక, సారాంశం ఇంగ్లీషులో ఉండాలి. చివర ఇచ్చే రిఫరెన్సులు రోమన్ లిపిలో ఉండాలి. అంటే ఒక తెలుగు వ్యాసం ఇంకొక తెలుగు వ్యాసాన్ని తెలుగు అక్షరాల్లో ఉదహరిస్తే, ఈ లెక్కల ప్రపంచంలో ఆ ఉదహరింపు మూగది. మన పత్రికలు ఇందులో చేరడం సంగతి దేవుడెరుగు, మనం ఒకరినొకరు పిలుచుకునే పిలుపే ఆ యంత్రానికి వినపడదు. 'మనకు తెలియని మన చరిత్ర' సంగతే తీసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన రికార్డు చేసి 1986లో తెలుగులో పుస్తకంగా తెచ్చింది. 1989లో అది 'వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ' పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. అంతర్జాతీయ పత్రికల్లో ఎవరన్నా ఉదహరిస్తే ఆ ఇంగ్లీషు పేరుతోనే ఉదహరిస్తారు. ఆ స్త్రీలు మాట్లాడిన భాషలో ఉన్న అసలు పుస్తకాన్ని చదివి రాసినవాళ్ళు, ఆ పుస్తకంతో వాదించినవాళ్ళు బొమ్మలోకి రారు. చరిత్ర నిర్మించిన స్త్రీలు అనువాదంలో మాత్రమే లెక్కకు వస్తారన్నమాట.

ఇక మన పేర్లు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరం. ఈ డేటాబేసులకు చివరి మాటే ఇంటిపేరు. దాంతో లక్ష్మి అనేది ఇంటిపేరైపోతుంది, అసలు ఇంటిపేరు పొడి అక్షరమవుతుంది. ఎక్కడెక్కడి లక్ష్ములో ఒకే మనిషిగా కలిసిపోతారు. పెళ్ళికి ముందు పుట్టింటి పేరుతో, తర్వాత అత్తింటి పేరుతో రాసిన ఒకే స్త్రీ ఇద్దరుగా చీలిపోతుంది. రెండు సగాల హెచ్-ఇండెక్సులు మొత్తం మనిషికి సమానం కావు. ఇంటిపేరు మార్చుకోవాల్సిన అవసరం లేని మగవాడికి ఈ బాధ లేదు. 2012 నుంచీ ఓర్కిడ్ అనే గుర్తింపు సంఖ్య ఉచితంగా దొరుకుతోంది. అది పెట్టుకొమ్మని చెప్తే చాలదు, ఎందుకు పెట్టుకోవాల్సి వస్తోందో కూడా చెప్పాలి. పెళ్ళి అనే వ్యవస్థ సైటేషన్ లెక్కల దాకా వచ్చి కూర్చుందని క్లాసులో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాం?

ఈ శాస్త్రం తన సొంత ఇంట్లోనే ఆడవాళ్ళకు ఏం చేసిందో కూడా పాఠంలో ఉండాలి. పేరున్నవాడికే ఇంకా పేరు వచ్చిచేరుతుందనే సూత్రాన్ని 'మాథ్యూ ఎఫెక్ట్' అంటారు. రాబర్ట్ మెర్టన్ 1968లో రాసిన వ్యాసంతో అది లోకప్రసిద్ధమైంది. ఆ వ్యాసానికి ఆధారం హారియట్ జుకర్‌మన్ అనే పరిశోధకురాలు నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మీద పేరు మెర్టన్ ఒక్కడిదే. దాన్ని ఇద్దరి పేరుతో వేసుండాల్సిందని తర్వాత అతనే ఒప్పుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిదని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఆడవాళ్ళ పని మగవాళ్ళ ఖాతాలో జమ అవడానికి మార్గరెట్ రోసిటర్ 1993లో 'మెటిల్డా ఎఫెక్ట్' అని పేరు పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు స్త్రీవాది మెటిల్డా జోస్లిన్ గేజ్ పేరు మీదుగా పెట్టిన పేరది.

ఇంకొకటి చెప్తాను. మా విద్యార్థిని తెర మీద చూపించిన బుడగల బొమ్మ వెనక ఉన్నది కో-సైటేషన్ పద్ధతి. ఇద్దరిని కలిపి ఉదహరించిన వ్యాసాలు ఎన్ని ఉంటే ఆ ఇద్దరూ అంత దగ్గరివాళ్ళని లెక్క. దీన్ని 1973లో అమెరికాలో హెన్రీ స్మాల్ ప్రతిపాదించాడని ఏళ్ళ తరబడి నా స్లైడులో ఉంది. అదే 1973లో, అతనితో సంబంధం లేకుండా, ఇరీనా మార్షకోవా అనే సోవియట్ పరిశోధకురాలు అదే పద్ధతిని రష్యన్‌లో ప్రచురించింది. స్త్రీ, పైగా ఇంగ్లీషు కాని భాష. నా స్లైడులో ఆమె పేరు లేదు. ఎవరు ఎవరితో కలిసి కనబడతారో లెక్కపెట్టే పద్ధతిని కనిపెట్టిన మనిషే నా పాఠంలో కనబడలేదు. స్త్రీవాదినని చెప్పుకునే నేను ఆ స్లైడును ఒక్కసారీ అనుమానించలేదు.

ఇది పరాయి దేశాల ముచ్చట అనుకోకండి. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. దశాబ్దాల పాటు తెలుగులో తొలి కథ అదేనని పాఠ్యపుస్తకాలు చెప్పాయి. పరీక్షల్లో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మళ్ళీ అదే పిల్లలకు చెప్పాం. భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో అచ్చయింది. తొలి కథ ఏదన్న వాదన సాగనివ్వండి, అది వేరే సంగతి. కానీ ఒకరు రాసిందాన్ని ఇంకొకరు, ఆ ఇంకొకర్ని మరొకరు ఉదహరిస్తూ పోతే లేని మనిషి ఎంత బాగా లేకుండా పోతుందో ఇందులో చూడొచ్చు. అచ్చమాంబను తిరిగి తెచ్చింది సైటేషన్ల లెక్క కాదు. పాత సంచికలు ఒక్కొక్కటే తిరగేసిన చేతులు. నా విద్యార్థిని చేస్తానంటున్న పని సరిగ్గా అదే. మ్యాప్‌లో లేదు కాబట్టి మానుకోమన్నది కూడా ఆ పనినే.

ఇప్పుడు మన మిత్రుల దగ్గరికి వస్తాను. "అంకెలు పితృస్వామ్యపు పనిముట్లు, మనకు అనుభవం చాలు" అంటారు వీళ్ళు. ఈ మాట వినడానికి బాగుంటుంది. కానీ అది ఆడపిల్లల్ని వట్టి చేతులతో కమిటీ ముందుకు పంపుతుంది. స్త్రీవాదం లెక్కలకు ఎప్పుడు భయపడింది? ఇంటిచాకిరీ చేసే స్త్రీని జనాభా లెక్కలు పని చేయనివాళ్ళ జాబితాలో రాస్తే మనం లెక్కలే వద్దనలేదు, ఆ లెక్క తప్పన్నాం. 1988లో మార్లిన్ వేరింగ్ 'ఇఫ్ విమెన్ కౌంటెడ్' రాసి జాతీయాదాయపు లెక్కనే నిలదీసింది. సైటేషన్ల విషయంలోనూ అంతే. 2013లో లారివియేర్, అతని సహచరులు 'నేచర్'లో వేసిన అధ్యయనం 54 లక్షలకు పైగా వ్యాసాలను పరిశీలించింది. ఏకైక రచయితగానో, మొదటి రచయితగానో, చివరి రచయితగానో స్త్రీ ఉన్న వ్యాసాలకు, ఆ స్థానాల్లో పురుషులున్న వ్యాసాల కంటే తక్కువ సైటేషన్లు వస్తున్నాయని తేల్చింది. 2017లో మోలీ కింగ్ బృందం 15 లక్షల వ్యాసాలు చూసి, మగవాళ్ళు తమని తాము ఉదహరించుకోవడం ఆడవాళ్ళకంటే 56 శాతం ఎక్కువని చూపించింది. మీటింగుల్లో మనకు ఎప్పుడూ తెలిసిన విషయమే. కానీ తెలిసినదానికి రుజువు అడిగేవాళ్ళ ముందు ఈ అంకె పనికొస్తుంది. పదోన్నతుల కమిటీలో హెచ్-ఇండెక్సులు పక్కపక్కన పెట్టి పోలుస్తుంటే "ఇందులో సొంత డబ్బా ఎంత?" అని అడగగలగాలంటే ఆ పద్ధతి లోపల ఏముందో తెలిసుండాలి. తెలియకపోతే నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

మిత్రులను అన్నాక మన ఇల్లు కూడా చూసుకోవాలి. ఆ విద్యార్థిని వెళ్ళిపోయాక నేను నా పిహెచ్.డి. థీసిస్ తీసి, చివరి గ్రంథసూచి ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెన్సిల్‌తో ఒక్కో పేరు పక్కన గుర్తులు పెట్టాను. సిద్ధాంతం చెప్పేచోట పడమటి దేశాల పేర్లు, వాటి పక్కన మన పైకులాల స్త్రీల పేర్లు. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు ఉన్నారు. కానీ ఎక్కడున్నారు? కవితా పంక్తుల్లో, ఆత్మకథల ముక్కల్లో, అనుభవానికి ఉదాహరణలుగా. వాళ్ళు బాధ చెప్పాలి, ఆ బాధకు అర్థం మేం చెప్పాలి! గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. దాన్ని దళిత స్త్రీల రచనల సంకలనమని ఒక్క వాక్యంలో పేర్కొని ముందుకెళ్ళిపోయాను. ఆ సంకలనం తెలుగు సాహిత్యచరిత్ర మీద చేసిన వాదన జోలికి పోలేదు. స్కోపస్ మనకు చేసింది మనం వాళ్ళకు చేశాం. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ నాకు చూపించలేదు, పెన్సిల్ చూపించింది. అయితే లెక్కపెట్టాను కాబట్టే కనబడింది.

కాబట్టి నా వాదన ఒక్కటే. బిబ్లియోమెట్రిక్స్ నేర్పడం మానొద్దు, ఇప్పుడు నేర్పుతున్నట్టు నేర్పొద్దు. లేనివాళ్ళ గురించి అడగడం మొదటి పాఠం కావాలి, చివర్లో టైముంటే చెప్పే మాట కాకూడదు. ఈ ఏడాది నుంచి నా క్లాసులో మొదటి రెండు వారాలు కంప్యూటర్ తెరవం. ప్రతి ఒక్కరూ తమకిష్టమైన పది తెలుగు వ్యాసాలు తెచ్చుకుని, ఎవరు ఎవరిని ఉదహరించారో కాగితం మీద చేత్తో గీస్తారు. పేరు చెప్పకుండా "ఒక విమర్శకురాలు అన్నట్టు" అని వదిలేసినచోట ఆ విమర్శకురాలు ఎవరో కనుక్కొస్తారు. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. అప్పుడు కూడా, కనీసం ఐదు సైటేషన్లున్న రచయితలే బొమ్మలోకి రావాలని హద్దు పెడితే, ఆ ఐదు ఎందుకు పెట్టారో రాయాలి. హద్దు కింద రాలిపోయినవాళ్ళ జాబితా తీసి చదవాలి. ఏ భాషల్లో, ఏ డేటాబేసులో వెతికారో, దానివల్ల ఏం పోయిందో ఒక పేజీ రాయాలి. ఆ పేజీ లేని బొమ్మకు నేను సంతకం పెట్టను.

ఇది నా పైత్యం కాదు. అంకెలు నిపుణుల వివేచనకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానంలో కూర్చోకూడదని, స్థానిక ప్రాధాన్యం ఉన్న పరిశోధనను కాపాడుకోవాలని 2015లో వచ్చిన లైడెన్ మ్యానిఫెస్టో చెప్పింది. అది రాసింది ఈ రంగంలో పనిచేసేవాళ్ళే. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషి పనిని కొలవొద్దని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశం నుంచి వచ్చిన ప్రకటన చెప్పింది. మన కమిటీల్లో కూర్చునే పెద్దలు హెచ్-ఇండెక్స్‌ను అంత వేగంగా దిగుమతి చేసుకున్నారే, ఈ కాగితాలను ఎందుకు దిగుమతి చేసుకోలేదు?

మన పత్రికలవాళ్ళతోనూ ఒక మాట. యూనివర్సిటీలను తిట్టి ఊరుకుంటే సరిపోదు. మనం వేసే వ్యాసాలకు రిఫరెన్సులు సరిగా ఇస్తున్నామా? సంచిక నెల, సంవత్సరం, పేజీ నంబరు ఇస్తున్నామా? రచయిత్రి పూర్తి పేరు వేస్తున్నామా? ఆగిపోయిన మన పత్రికల సంచికలు ఎవరి అటకల మీద చెదలు పడుతున్నాయో ఎవరికన్నా తెలుసా? ప్రతి పత్రికకూ రచయితల సూచి, విషయసూచి తయారుచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. చేతిరాతతో మొదలుపెట్టొచ్చు. దళిత బహుజన, ముస్లిం, ఆదివాసీ స్త్రీలు నడిపిన చిన్న పత్రికలతో మొదలుపెడదాం, ఎందుకంటే ముందు మాయమయ్యేవి అవే. మన సూచి మనం తయారుచేసుకోకపోతే, మనం లేని సూచిని చూపించి మీరు లేరు పొమ్మంటారు.

ఆ అమ్మాయి టాపిక్ మార్చుకోలేదు. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వంటి పాత గ్రంథాలయాలకు వెళ్ళే ఏర్పాట్లు చేసుకుంటోంది. పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఇంకా తెగలేదు. ఆ ప్రశ్న ఏ ఇండెక్సులోనూ ఉండదు. దొరికినంతవరకు ఒక్కో వ్యాసానికి ఒక్కో కార్డు రాస్తోంది, తెలుగులోనే. వచ్చే కమిటీకి ఆ బుడగల బొమ్మను మళ్ళీ తీసుకెళ్తానంది. ఈసారి పక్కన కార్డుల పెట్టె కూడా పెడుతుందట. రెండూ చూశాక సారును ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుందట: "పరిశోధన జరగలేదన్నారు. ఎక్కడ జరగలేదు సార్?"

ఆ రోజు నేనూ ఆ గదిలో ఉంటాను.